‘వినడు’ వేరు, ‘వినపడదు’ వేరు

పోయిన దసరాకు ముందు మా సంఘమునకు ఒక తువ్వాళ్ళ ఆర్డరు వచ్చినది. అరవై తువ్వాళ్ళు, గడువు మూడు వారములు. నాలుగు మగ్గములు ఆడుచున్న గదిలో గుమ్మము దగ్గర నిలుచుండి, ఆ పనిని ఒక పెద్ద నేతగానికి ఒప్పగించినాము. ఆయన మగ్గము గుంటలోనుండియే తల ఊపినారు. గడువునాటికి తువ్వాళ్ళను చక్కగా మడతపెట్టి తెచ్చి మా బల్లమీద ఉంచినారు. అంచుకు వంక లేదు, నేతకు వంక లేదు. లెక్కపెట్టగా ఇరవై ఉన్నవి.

మిగిలిన నలభైకి కొనువారు ఆగలేదు. ఆర్డరు పోయినది. ఆనాడు పదిమంది సభ్యుల ముందర మేము అన్న మాట ఇది: “ఈ ముసలాయనతో ఎప్పుడూ ఇంతే. చెప్పిన మాట వినడు.” ఆయన మా ముఖము వంక చూచి, “ఇన్నాను బాబూ, ఇరవై అన్నారు గదేటి,” అన్నారు. నలుగురు నవ్వినారు. వారితోపాటు మేమును నవ్వినాము.

సాయంకాలము ఆయన ఇల్లాలు కార్యాలయమునకు వచ్చినది. “సెక్రటరీ బాబూ, మా ఆయన ఇనకపోడం కాదు, ఆయనకి ఇనపడదు. మూడేళ్ళయినాది. ఎవులికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. సెవిటోడని పేరు పడితే పని ఇవ్వరని బయం,” అన్నది. మాకు నోట మాట రాలేదు.

అప్పటినుండి ఈ మాటలను గురించి మేము కొంత విచారించినాము. చదువరులలో ఇట్టి చిక్కు పడినవారు మరికొందరు ఉందురని తలచి, తెలిసినంతవరకు ఇక్కడ వ్రాయుచున్నాము.

తెలుగులో ‘వినడు’ అన్నచో తప్పు మనిషిది. చెప్పినది లెక్కచేయడు, పెద్దల మాట పాటింపడు అని అర్థము. అల్లరి పిల్లవానిని మాట వినడందుము. ‘వానికి వినపడదు’ అన్నచో మనిషిమీద నేరము లేదు. చెవిన పడవలసిన శబ్దము పడలేదు, అంతే. మన చుట్టునున్న ఒరియావారి మాట తీరును ఇంతే. ‘మోతే శుభునీ’ అందురు, నాకు వినపడుటలేదని. రెండు భాషలవారును క్రియతో చెప్పునపుడు ఇంత మర్యాదగా చెప్పుదురు. పేరు పెట్టునపుడు మాత్రము ఆ మర్యాద పోవును. తెలుగులో చెవిటి, ఒరియాలో కాలా. ఈ పేర్లు మన కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతవారు ఆల్ వేరుతో వేయు ఎరుపువంటివి. ఒకసారి పట్టినచో ఎన్ని ఉతుకులు ఉతికినను వదలవు.

ఇంకొక సంగతి. బొత్తిగా వినపడనివారికి మన పెద్దలు బ్రహ్మచెవుడు అని వేరే మాట పెట్టినారు. కనుక చెవుడులో ఎక్కువ తక్కువలు ఉన్నవని వారికి తెలియును. కాని కొంత వినపడి కొంత వినపడని మనిషికి రూఢియైన ఒక మాట లేదు. ‘వినికిడి మందగించినది’, ‘కొంచెము చెవుడు’, ‘గట్టిగా చెప్పవలె’ అని చుట్టూ తిరిగి చెప్పుదుము. పేరు లేని దానిని దాచుట సులభము. మా పెద్ద నేతగాడు మూడేండ్లు దాచినది ఇట్లే.

హిందీవారు దీనిని ‘ఊంచా సున్‌నా’ అందురు. హెచ్చు గొంతు అయితేనే వినునని భావము. వినుటనే చెప్పినారు గాని వినకపోవుటను చెప్పలేదు, అది బాగున్నది. ఇంగ్లీషులో ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ అందురు. ఇక్కడ ‘హార్డ్’ అనగా గట్టి అని కాదు, కష్టము అని. కష్టముమీద వినువారు అని అర్థము. మా కార్యాలయములో ఒక ఇంగ్లీషు ఫారమును తెలుగు చేసిన కుర్రవాడు దీనిని ‘కఠిన శ్రవణము’ అని వ్రాసినాడు. అది చదివి ఒక సభ్యుడు, “ఇదేమి శిక్షండీ, కఠిన కారాగారము లాగున?” అని అడిగినాడు. కుర్రవాని తప్పు కాదు. మాటకు మాట పెట్టినచో ఇట్లే జరుగును.

చెవిటి మూగ అని కలిపి అనుట మాత్రము పూర్తిగా మానవలసినది. బొత్తిగా వినపడనివారు అనేకులు సైగల భాషలో నిండుగా మాటలాడుదురు. వారిని మూగవారనుట అబద్ధము. 1991లో ప్రపంచ బధిరుల సమాఖ్య ఇంగ్లీషులో ‘డెఫ్’, ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ అను రెండు మాటలనే వాడవలెనని తీర్మానించినది. చెడిపోయిన వినికిడి అను అర్థమిచ్చు ‘హియరింగ్ ఇంపెయిర్డ్’ వారికి రుచించలేదు.

ఇప్పుడు మన తావు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ కొండ ప్రాంతము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాతో ఉండెను. కొరాపుట్ జిల్లానుండి రాయగడ జిల్లా వేరుపడినది 1992 అక్టోబరు 2న. హద్దులు మారినవి గాని మన ఇండ్లలో తెలుగు మారలేదు. ఇంటిలో తెలుగు, బడిలో ఒరియా, సంతలో దేశియా, కొండలనుండి దిగివచ్చు కొనుగోలుదారులతో కువి, సవర మాటలు నాలుగు. బ్యాంకులో కాగితము ఒరియాలోనో ఇంగ్లీషులోనో ఉండును. ఈ బహుభాషల బ్రతుకు మనకు గొప్పయే. కాని వినికిడి తగ్గినవానికి ఇది పెద్ద గండము.

ఎందుకనగా కొంత వినపడువాడు సగము చెవితో, సగము ఊహతో వినును. సొంత భాషలో పోయిన అక్షరమును మనసు తానే పూరించుకొనును. ‘మగ్గము దగ్గర…’ అన్నచో తరువాత రాబోవు మాట ఏదో మనకు తెలియును. రెండవ భాషలో ఆ పూరింపు కుదరదు. మా నేతగాడు ఇంటిలో భార్యతో చక్కగా మాటలాడును. బ్యాంకు కిటికీ దగ్గర ఒరియాలో ఒక ప్రశ్న అడిగినచో దిక్కులు చూచును. అక్కడివారు ఆయనకు భాష రాదనుకొందురు. ఇంటిలోవారు చెవులు బాగున్నవనుకొందురు. ఇద్దరిదియు పొరపాటే. ఇట్లు ఎంతమంది ‘ఒరియా రానివారు’ నిజమునకు వినపడనివారో మేము చెప్పలేము గాని, మా సభ్యులలో ఇద్దరిని ఈ ఆరు నెలలలో ఆ విధముగానే కనుగొన్నాము.

శబ్దమునందు ఏ భాగము పోవునో కూడ తెలిసికొనవలెను. వయస్సువలనను, మోతవలనను తగ్గు వినికిడిలో సాధారణముగా సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు ముందు పోవును. అచ్చులు మిగులును, స, శ, చ, త, ప, క వంటి హల్లులు జారిపోవును. పాలు, కాలు, చాలు మూడును ఒకే మాటగా వినవచ్చును. అందుచేతనే వీరు “ఇనపడతాది బాబూ, మాటే తెలీదు” అందురు. ఈ మాట విన్నపుడు వెటకారమని అనుకొనరాదు. వైద్యుడు చెప్పవలసిన లక్షణమును రోగి తానే చెప్పుచున్నాడు. ఇక అరవై, ఇరవై అన్నవి చివర రెండక్షరములు ఒకటియే అయిన మాటలు. గుమ్మము దగ్గర నిలుచుండి, నాలుగు మగ్గముల చప్పుడులో, ముఖము పక్కకు త్రిప్పి చెప్పినాము. మంచి చెవులవాడైనను తడబడునేమో!

మన చేమగ్గమువలన చెవుడు వచ్చునా అని కొందరు అడుగుచున్నారు. మరమగ్గపు షెడ్డులోని మోతతో చేమగ్గపు చప్పుడును సమానము చేయరాదు. షెడ్డులో పక్కవాని చెవిలో అరచినను మాట అందదు. ఇంగ్లాండులో లాంకషైరు నూలుమిల్లుల ఆడవారు మగ్గముల మోతలో పెదవుల కదలికతోనే సంభాషించుట నేర్చినారు. దానికి ‘మీ-మా’ అని ఒక పేరే ఉండెను. స్కాట్లండులోని డండీ జనపనార మిల్లుల నేతవారి వినికిడిని కొలిచి, మోతవలన అది తగ్గుచున్నదని 1965లో వైద్యులు ప్రచురించినారు. మన దేశములో 1948 ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో మోతవలన వచ్చు వినికిడి నష్టమును తెలియజేయవలసిన వ్యాధిగా చేర్చినారు. కాని ఇంటి వరండాలో మగ్గము పెట్టుకొన్నవానికి ఫ్యాక్టరీ ఎక్కడిది? గంజాము జిల్లానుండి సూరతు మరమగ్గములకు పోవువారు వేలకు వేలు. మన వైపునుండి పోవు కుర్రవారును ఉన్నారు. పండుగకు ఇంటికి వచ్చినపుడు చెవిలో ఎడతెగని గుయ్యి అను శబ్దము ఉన్నదని వారు చెప్పినచో నవ్వి ఊరుకొనక చెవి పరీక్ష చేయించవలెను. మోతవలన ఒకసారి పోయిన వినికిడిని మందు తిరిగి తేలేదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే దారి.

మన ప్రాంతమునకు వేరు కారణములును కలవు. ఈ కొండలలో మలేరియా తరతరముల చుట్టము. వెనుకటి రోజులలో క్వినైను ఎక్కువగా తీసికొన్నవారికి చెవులు హోరెత్తుట, వినికిడి తగ్గుట అందరెరిగినదే. అది చాలవరకు మందు మానినపిమ్మట సర్దుకొనును. క్షయకు లోగడ విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదివలన పోయిన వినికిడి అట్లు తిరిగి రాదు. పిల్లలలో చీము కారు చెవి ఇంకొకటి. ‘చెవి కారుట మామూలే, పెద్దయితే పోవును’ అని తల్లులు ఊరుకొందురు. పోదు, లోపలి పొరకు రంధ్రము పడి చెవుడు మిగులును. చీము కారు చెవిలో కాచిన నూనెలు, ఆకు పసరులు పోయుట అసలే పనికిరాదు.

ఇక అసలు చిక్కు కొలతలో ఉన్నది. ఇక్కడ కొంచెము ఓపికగా చదువవలెను.

వినికిడిని డెసిబెల్‌లలో కొలుతురు. ఆరోగ్యవంతుడైన యువకుని చెవికి అతి మెల్లగా వినపడు ధ్వని సున్న. గుసగుస సుమారు ముప్పై. ఎదుట కూర్చుండి మామూలుగా మాటలాడు గొంతు సుమారు అరవై. ఇది గజము బద్దవంటి కొలత కాదు. పది పెరిగినచో ధ్వని శక్తి పది రెట్లు పెరుగును. మన నూలు నంబరును తెలిసినవారికి ఇది వింత కాదు. నంబరు పెరిగిన కొలది నూలు సన్నబడునని బయటివానికి చెప్పినచో అతడును మొదట తెల్లబోవును గదా.

2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. వెనుకటి 1995 చట్టములో వినికిడికి ఒకే తరగతి ఉండెను. కొత్త చట్టము రెండు చేసినది. మాటల స్థాయి ధ్వనులలో రెండు చెవులకును 70 డెసిబెల్‌ల నష్టమున్నచో ‘డెఫ్’, అనగా బధిరులు. రెండు చెవులకును 60 నుండి 70 వరకు ఉన్నచో ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’. రెండు చెవులకు అన్న మాటను గమనింపుడు. ఒక చెవి పూర్తిగా పోయి రెండవది బాగున్నవాడు ఈ లెక్కలోనికి రాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఇదే ఇంగ్లీషు మాటను చాల విశాలముగా వాడుదురు. స్వల్పము మొదలు తీవ్రము వరకు వినికిడి తగ్గిన వారందరును వారికి ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’. మంచి చెవిలో 35 డెసిబెల్ దాటిన నష్టమున్నచో బ్రతుకునకు అడ్డము వచ్చు నష్టమని వారి లెక్క. అట్టివారు లోకములో 43 కోట్లమంది ఉన్నారని 2021లో ప్రకటించినారు. ఒకే మాట, అక్కడ పెద్ద గంప, ఇక్కడ చిన్న గిన్నె. 35కును 60కిని నడుమ ఉన్నవారు లోకము దృష్టిలో ఆదుకొనవలసినవారు, మన చట్టము దృష్టిలో ఏమియు కానివారు.

మా పెద్ద నేతగానిని మేము ఒక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయినాము. రెండు పూటలు కూర్చున్న పిమ్మట చెవులకు గొట్టములు తగిలించి కొలిచినారు. మంచి చెవిలో 52, రెండవదానిలో 55. శాతము లెక్క వేసినచో నలభైకి లోపే. చట్టము చెప్పు చాలమేళ్ళకు నలభై శాతము ఉండవలెను గనుక పత్రము దొరకలేదు. బయటికి వచ్చిన తరువాత ఈ సంగతి ఆయనకు కాగితముమీద వ్రాసి చూపితిమి. ఆయన చదువుకొని, చాలసేపు నవ్వి, “అయితే నాకు బాగానే ఇనపడతాదని సర్కారే సెప్పిందన్నమాట. మీ అరవై తువ్వాళ్ళు నానే దాసేసినట్టు!” అన్నారు. ఆయనతోపాటు మేము నవ్వలేకపోయినాము.

చట్టము ఎక్కడనో ఒకచోట గీత గీయవలసియే ఉండును. అది మేము కాదనము. కాని మాటలతో పని నడుచు చోట, 52 ఉన్నవానికి మామూలు గొంతు అందీ అందనట్లుండునని తెలిసికూడ, ఆ మనిషికి ఒక పేరైనను ఇవ్వకపోవుట న్యాయముగా తోచుటలేదు. పేరు ఉన్నవానికి వినికిడి యంత్రము ఉచితముగా దొరుకు అవకాశము ఉన్నది. పేరు లేనివాడు తన కూలి డబ్బుతో కొనవలెను.

అర్జీలు పెట్టువారికి ఒక మాట. ఒరిస్సాలో వికలాంగులకై భీమ భోయి పేరిట అభియాన్ శిబిరములు జరుగుచుండును. భీమ భోయి కన్నులు లేని సంతకవి అని ఈ రాష్ట్రములో ప్రసిద్ధి. ఆ పేరు పెట్టుట ఎంతయు ఉచితము. శిబిరమునకు పోవునపుడు జాలి కలుగునని ‘పూర్తిగా చెవిటి’ అని వ్రాయించుకొనవద్దు. కొలతలో అది నిలువదు, ఆపైన మనము నిజము చెప్పినను నమ్మరు. ‘రెండు చెవులకు వినికిడి తక్కువ, ఎదుట నిలిచి మాటలాడిన తెలియును, వెనుకనుండి పిలిచిన తెలియదు’ అని ఉన్నదున్నట్లు చెప్పవలెను. చెవి కారుచున్నచో ముందు దానికి వైద్యము చేయించుకొని పోవలెను. ఒరియా రానివారు వచ్చినవానిని వెంట తీసికొనిపోవలెను; లేనిచో ప్రశ్న అర్థము కాకపోవుటను, వినపడకపోవుటను కలిపి వ్రాసికొందురు.

మా పెద్దాయనకు చివరకు సభ్యులు తలకొంత వేసికొని ఒక చెవికి యంత్రము కొనిపెట్టినారు. మొదటి వారము దానిని పెట్టెలో పెట్టినారు. యంత్రము మాటతోపాటు చప్పుడును పెంచును గనుక, మగ్గము దగ్గర అది తలనొప్పి. ఇప్పుడు మగ్గము దగ్గర తీసివేసి, సంతలోను సమావేశములోను పెట్టుకొనుచున్నారు. అలవాటు పడుటకు నెలలు పట్టినది. చెమటకు, వానాకాలపు తేమకు అది చెడకుండ రాత్రిపూట పొడి డబ్బాలో ఉంచుచున్నారు.

సంఘములో మేము చేసిన మార్పులు చిన్నవి. సభ్యుల పుస్తకములో పాత గుమాస్తా ఒక పేరు పక్కన ఎర్రసిరాతో ‘చెవిటి’ అని వ్రాసియుండెను. దానిని కొట్టివేసి ‘వినికిడి తక్కువ, ఎదుటికి వచ్చి చెప్పవలెను’ అని వ్రాసినాము. బధిరత, శ్రవణ మాంద్యము వంటి సంస్కృతపు మాటలు మా కమిటీలో ఒకరు సూచించినారు గాని, సంతలో చెప్పుటకు వీలుకాని మాటవలన ఏమి లాభము? పని ఒప్పగించునపుడు మగ్గము ఆపించి, ఎదుట వెలుతురులో నిలిచి చెప్పుచున్నాము. మరల చెప్పించుకొనుచున్నాము. చదువు వచ్చినవారికి చీటీ, ఫోను ఉన్నవారికి వాట్సాప్‌లో వ్రాత. చదువు రానివారికి రంగునూలు పోగు ఒకటి ఇచ్చి, పది తువ్వాళ్ళకు ఒక ముడి చొప్పున వేయుచున్నాము. ఆరు ముడులను ఎవరును ఇరవై అనుకొనరు. ఈ ముడుల ఉపాయము ఆ పెద్దాయనదే. తన తాత కాలములో లెక్క అట్లే ఉండెనట.

ఆయన చేత సంక్రాంతికి తిరిగి అరవై తువ్వాళ్ళు నేయించినాము, వేరొక కొనుగోలుదారునికి. ఒక వారము ముందే తెచ్చినారు.

కొరాపుట్, రాయగడ, గుణుపురము, జయపురము వైపు మన నేత కుటుంబములలో కొంత వినపడి కొంత వినపడనివారిని ఏ మాటతో పిలుచుచున్నారో, ఆ మాట వారికి ఇష్టమో కాదో వారినే అడిగి మాకు వ్రాయగోరుచున్నాము. కువి, సవర మాటలు తెలిసినవారు అవియును వ్రాసినచో మేలు. శిబిరమునకు కొండ గ్రామములవారిని తీసికొనిపోవునపుడు మాకు అవి కావలసియున్నవి.